రెండు రీళ్లు, ఒక బామ్మర్ది

తమిళరసన్‌కు నీళ్లలో మునగడం నేర్పిన పుదుచ్చేరి మాస్టరు పంపిన పార్సిల్లో రెండు దారపు రీళ్లు వచ్చాయి. నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడు ఆయన. ఆయనకేం, చెప్పడం తేలిక. ఇక్కడ తమిళరసన్ ఇంటి అరుగు మీద పొద్దున్నుంచి పెళ్లిచూపులు జరుగుతున్నాయి.

పెద్దరీలుకు చెయ్యినిండా పట్టుకునేంత నల్లటి పిడి ఉంది. దారం చుట్టడానికి తిప్పే గుండీ, కదలకుండా బిగించడానికి ఒక మర, చుట్టూ పంజరంలాంటి గూడు. చూడగానే పనిముట్టు అనిపిస్తుంది. చిన్నరీలుకు ఇవేవీ లేవు. కుట్టుమిషను బాబిన్‌ను అరచేయంత చేసి పెట్టినట్టుంది. నడుమ బొక్క. ఆ బొక్కలో వేలు దూర్చి పట్టుకోవాలి, అంతే దాని మర్మం.

“ఇదేంది బావా, బిడ్డలాడుకునే సామాను మాదిరి ఉండాది?” అన్నాడు మాదేశ్వరన్, చిన్నరీలును చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పుతూ. అతను తమిళరసన్ భార్య శివరంజనికి తమ్ముడు.

“తిప్పొద్దురా, దారం చిక్కుపడతాది.”

“చూసినావా! ఈడ తిప్పితేనే చిక్కుపడేది, నీళ్లలో నిన్నేమి కాపాడతాది?”

“నీళ్లలో అది దానంతట అదే తిరుక్కుంటా దారం వదుల్తాది. ఇరుక్కునేదానికి దీంట్లో మరే లేదు. మాస్టరు కూడా దీన్నే ఎత్తుకోమన్నాడు.”

“మాస్టరుకేమి, ఆయప్ప సముద్రంలో మునిగే మనిషి. ఉప్పునీళ్లు మనిషిని మోస్తాయి. మన క్వారీ నీళ్లు మింగేదే గాని మోసేది యాడ?”

ఈ రీలుతో పని ఇది. నీళ్ల అడుగున ఉన్నవాడు ఒక పొడుగాటి నారింజరంగు సంచిలోకి గాలి ఊదుతాడు. సంచి ఉబ్బి పైకి దూసుకుపోతుంది. దాని తోకకు కట్టిన దారం రీలు నుంచి విడుతూ పోతుంది. సంచి నీటిమీద లేచి నిలబడితే, మనిషి ఇక్కడున్నాడు, వెతికిన వస్తువు ఇక్కడుంది అని గట్టుమీది వాళ్లకు తెలుస్తుంది. దారం నడుమ బిగుసుకుంటే మాత్రం సంచి ఆగదు, రీలుతో పాటు మనిషినీ లాక్కుపోతుంది. అందుకే మాస్టరు ఫోన్లో ఒకటే మాట నొక్కి చెప్పాడు. చేత్తో పట్టుకో, ఒంటికి తగిలించుకోకు, బిగుసుకుంటే వదిలెయ్, రీలు పోతే పోనీ అని.

వదిలెయ్ అనే మాట ఆ ఇంట్లో చెల్లదు. వాళ్లది బావులు తవ్విన వంశం. కారిమంగళం నుంచి హరూర్ దాకా ఆ రాతినేలలో వాళ్ల తాతలు దిగని బావి లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని లోకం భయంగా చెప్పుకునే సామెత వింటే వాళ్లకు నవ్వొచ్చేది. ముందు నుయ్యి ఉంటే ఆ పూట కూడు ఉన్నట్టే. బోరుబండ్లు వచ్చి ఆ కూడు పోగొట్టాయి. ఇప్పుడు ఇంటికొకరు సెంట్రింగుకో కాంక్రీటుకో పోతున్నారు. తమిళరసన్ కూడా అలాగే పుదుచ్చేరి హార్బరు పనికి పోయి, నీటి అడుగున పనిచేసే జట్టులో కలిసి, సిలిండరు వీపున కట్టుకుని మునగడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే పాడుబడిన గ్రానైటు క్వారీలు వాననీళ్లతో నిండి ఉన్నాయి. వాటిలో రైతుల మోటార్లు మునిగి ఉన్నాయి. పని దానంతట అదే అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

సిలిండరు వీపుకెక్కినా నడుముకు తాడు మాత్రం తప్పలేదు. దిగేవాడి తాడు అతని పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలని వాళ్ల కట్టుబాటు. సొంత అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. నువ్వు పోతే అన్నదమ్ముడికి భాగం కలిసొస్తుంది, బామ్మర్దికి అక్క ఇంటికొస్తుంది, ఇంక ఎవడు గట్టిగా పట్టుకుంటాడో నువ్వే చూసుకో అనేవాళ్లు పెద్దలు. నవ్వుతూనే అనేవాళ్లు గానీ ఆ నవ్వులో ఇంగితం ఉంది. పెళ్లయిన నాటి నుంచి తమిళరసన్ ఊపిరి మాదేశ్వరన్ గుప్పిట్లోనే ఉంటూ వచ్చింది.

పోయిన నెల ఆ తాడే ఒక క్వారీ అడుగున పాత క్రేను ఇనుముకు చుట్టుకుంది. ఇటు తిరిగితే ఒక చుట్టు, అటు తిరిగితే ఇంకో చుట్టు. పైన మాదేశ్వరన్ ఆత్రంగా లాగేకొద్దీ ముడి బిగిసింది. ఎలాగో విడిపించుకుని పైకొచ్చిన తమిళరసన్, ముఖానికున్న అద్దం తీసి కింద పెట్టి, “ఇంక నాకు తాడు వద్దు” అన్నాడు. ఆ తాడుకు బదులు తెప్పించినవే ఈ రీళ్లు.

మాదేశ్వరన్ ఆ పూట అన్నం ముట్టలేదు. “తాడు వద్దంటే నేను వద్దనే గదా అర్థం” అని అక్క దగ్గర కూర్చుని ముక్కు చీదాడు. అప్పటి నుంచి ఇంట్లో తమిళరసన్ ఒంటరివాడయ్యాడు.

“ఏమయ్యా, పిడి ఉండేదే మేలు గదా” అంది రంజని గడప దగ్గర నిలబడి. చేతులకు రాగిపిండి అంటి ఉంది. “పట్టు తప్పినా పిడి చేతిలో ఉంటాది. ఆ పొట్టిది ఏలు జారితే పాయె.”

“జారితే పోనీ అనే దాన్ని చేసినారు రంజనీ.”

“పోనీ అంటావా? నీతోపాటు పోనీ అనేదానికి నేనేమి రీలునా?”

తమిళరసన్ దగ్గర దీనికి జవాబు ఉంది. ఆ జవాబు చెప్పాలంటే, నన్ను పట్టుకుని ఉండేదే నన్ను చంపుతుంది అని చెప్పాలి. తాడు పట్టే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట ఎలా అంటాడు?

“సరి, పెద్దదే ఎత్తుకుంటాను” అన్నాడు.

“గాలిసంచి పైకొచ్చినాక నేను పట్టుకుంటాను” అన్నాడు మాదేశ్వరన్ వెంటనే. “పరిసల్ పడవలో కూర్చోనుంటాను. సంచి లేస్తానే చేతిలో పెట్టుకుంటాను. ఉత్తచేతుల్తో కూర్చునేది నావల్ల కాదు.”

“పట్టుకో, లాగొద్దు.”

“నేనేల లాగుతాను?”

“సరి.”

“ఆ రీలు కొక్కీ ఉండాదే, దాన్ని నీ ఛాతీ రింగుకి తగిలించు బావా. నా కండ్లముందరే.”

“డేయ్, మాస్టరు తగిలించొద్దని...”

రంజని పిండిచేతుల్తోనే నిలబడి చూస్తోంది. కదలడంలేదు.

“సరి” అన్నాడు తమిళరసన్. మనసులో మాత్రం, దిగినాక విప్పి చేతిలో పట్టుకుందాంలే అనుకున్నాడు.

*

మోటారు గోపమ్మది. కంబైనల్లూరు పక్కన ఆమెకు టమాటా తోట, పసుపు తోట ఉన్నాయి. ఆనుకునే పాత క్వారీ. దాంట్లో డ్రమ్ముల మీద తేల్చి పెట్టిన మోటారుతో తోటకు నీళ్లు తోడుకుంటుంది. ఒక డ్రమ్ము తుప్పుపట్టి చిల్లుపడి, మోటారు పైపుతో సహా అడుక్కు పోయింది. టమాటా పిందె దశలో ఉంది. ఆమె గొంతు వింటే పిందెలన్నీ ఆమె గొంతులోనే వాడిపోతున్నట్టుంది.

“వచ్చినారా నాయనా! నిన్ననే వస్తారనుకున్నా. ఆకులు చూడండి, అప్పడాలు మాదిరి అయిపోయినాయి.”

క్వారీ అంటే ఇల్లును తిరగేసి భూమిలోకి దించినట్టు ఉంటుంది. నాలుగువైపులా కత్తితో కోసిన బెల్లం అచ్చులా నిటారు గోడలు. లారీలు దిగడానికి వేసిన బాట ఒక్కటే ఏటవాలుగా పోయి నీళ్లలో మునిగిపోతుంది. ఆ బాట మొదట్లో గోపమ్మ ట్రాక్టరు నిలబెట్టించింది, మోటారు దొరికితే గొలుసేసి లాగడానికి. నీళ్లు పైన ఆకుపచ్చగా, నిదానంగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

మాదేశ్వరన్ పరిసల్‌ను నీళ్లలోకి తోసి ఎక్కాడు. తోలుబుట్టలాంటి ఆ గుండ్రటి పడవ గాలికి తిరగకుండా ఉండాలని ఒక పెద్ద రాయిని తాడుకు కట్టి అందులో పెట్టుకుంటాడు. రాయిని చూసుకున్నాడు, తెడ్డు చూసుకున్నాడు, వంగి బావ ఛాతీ మీది కొక్కేన్ని లాగి చూసుకున్నాడు.

“గట్టిగా ఉండాది. పో బావా.”

తమిళరసన్ దిగాడు.

మొదట పచ్చటి వెలుతురు, తర్వాత గోధుమరంగు, ఆ కింద అరచేయి చాపితే వేళ్లు కనబడనంత మసక. దీపం వేసుకున్నాడు. పది నిలువుల లోతున అడుగు బండ మీద మోటారు పక్కకు ఒరిగి దొరికింది, పాలు తాగుతూ నిద్రపోయిన పిల్లలా. ఇంత తేలిగ్గా దొరకడంతో అతనికి హుషారు వచ్చింది. గాలిసంచి విప్పాడు. కొక్కెం విప్పి రీలు చేతిలో పట్టుకోవాలి అని గుర్తుంది. చెయ్యి ఛాతీ మీదికి పోయింది కూడా. అక్కడ ఆగింది.

పదేళ్లప్పుడు తండ్రి శివలింగం అతన్ని మొదటిసారి బావిలోకి దించుతూ నడుము ముడి మీద చెయ్యి వేయించి, దీన్ని నువ్వు విప్పితే నిన్ను నువ్వే పాతిపెట్టుకున్నట్టు అని చెప్పాడు. మనిషికి ఎన్ని చదువులు వచ్చినా చేతికి చిన్నప్పటి చదువే గుర్తుంటుంది. ఈ ఒక్కసారికి ఉండనీలే అనుకున్నాడు తమిళరసన్. మర వదులు చేసి, సంచి మూతిలోకి గాలి ఊదాడు.

సంచి చేతుల్లోంచి ఎగిరిపోయింది. రీలు గిర్రున తిరిగింది. రెండు మూడు నిలువులు సాఫీగా విడిన దారం ఒక వరస దాటి, గూటికీ చక్రానికీ నడుమ పడింది. రీలు టక్కున ఆగింది. తమిళరసన్ ఆగలేదు. ఛాతీ పట్టుకుని ఎవరో ఎత్తేసినట్టు పైకి పోయాడు. కాళ్లకున్న రబ్బరు రెక్కలు కొట్టాడు, ఒంటిమీది గాలిచొక్కాలో గాలి వదిలాడు, దీపం చేతిలోంచి జారింది. కళ్ల ముందు చీకటి పచ్చబడుతూ ఉండగా వీపు దేనికో ఠంగున తగిలింది.

నిలబడిపోయాడు.

పైన రాతిగోడ నుంచి అరుగులా ముందుకు పొడుచుకొచ్చిన పలక ఉంది. క్వారీ నడిచిన రోజుల్లో రాళ్లు ఎత్తిన ఇనుపతీగ ఒకటి ఆ పలక కింద ఉచ్చులా వేలాడుతోంది. సిలిండరు మెడ ఆ ఉచ్చులో దూరింది. దారం పలక అంచును రాసుకుంటూ నిటారుగా పైకి పోయింది. సంచి పైకి లాగుతోంది, తీగ వెనక్కి పట్టింది. అతను నడుమ ఉన్నాడు. కిందికి జరిగితే ఉచ్చు ఊడుతుంది. కిందికి జరగనివ్వకుండా దారం ఉంది.

కొక్కెం నొక్కి చూశాడు. దారం బిగువుకు అది గోరంత కూడా కదల్లేదు. దారం ఒక్క నిమిషం వదులైతే చాలు.

అంతలో దారం ఇంకా బిగిసింది. ఒక లాగు, ఇంకో లాగు.

పైన సంచి మాదేశ్వరన్ చేతికి చిక్కింది. బావ బరువు తగిలింది. ఇంక ఆ మనిషి ఊరుకోడు. ‘నేనేల లాగుతాను’ అన్నవాడు కాళ్లు పరిసల్‌కు తన్నిపెట్టి లాగుతూ ఉంటాడు. ప్రతి లాగుకూ తమిళరసన్ వీపు రాతికి ఒత్తుకుంది, ఉచ్చు సిలిండరు మెడ మీద కర్ కర్‌మంది. దారాన్ని చేత్తో పట్టి ఆడించి సైగ చేద్దామనుకున్నాడు. బిగదీసిన వీణతీగలా ఉన్నదాన్ని ఎవడాడించగలడు? నోటికి గాలి అందించే రెగ్యులేటర్లోంచి అరిచాడు. బుడగలు పోయాయి, అరుపు పోలేదు.

గాలి మీటరు చూసుకున్నాడు. ముల్లు ఎర్రగీత వైపు ఒరుగుతోంది. భయపడినవాడు గాలిని నీళ్లలా తాగుతాడు.

పిక్కకు కత్తి ఉంది. కత్తి పెడితే దారం ఎంతసేపు? దూసి, దారం దగ్గరికి తెచ్చి, అక్కడ ఆగాడు. చావుభయం కంటే చల్లగా ఇంకో భయం వెన్నులోంచి పాకింది.

తాడు తెగితే రాయెత్తు. ఇది వాళ్ల ఇళ్లలో ఉగ్గుపాలతో పోసే మాట. తాడు పట్టినవాడి చేతికి తెగిన కొస వస్తే ఆలోచించడానికి లేదు, కేక వెయ్యడానికి లేదు. దొరికిన రాయిని పొట్టకు కరుచుకుని, ఆ బరువుతో దిగేవాడి దగ్గరికి దూకాలి. శివలింగం తాడు ఒకసారి బావి ఒరకు కోసుకుపోతే ఆయన బామ్మర్ది అలాగే దూకి తెచ్చాడు. ఈనాటికీ ఆ ఇంట పెళ్లిలో మొదటి తాంబూలం ఆ మేనమామకే. మాదేశ్వరన్ ఆ తాంబూలం వంక ఎలా చూస్తాడో తమిళరసన్‌కు తెలుసు.

బావి లోతు వేరు, ఇది వేరు. రాయితో దూకినవాడు ఆగేది పది నిలువుల కింద అడుగునే, అక్కడి నుంచి పైకి రావడానికి ఊపిరి మిగలదు. కోస్తే వాడు పోతాడు. కోయకపోతే తను పోతాడు. తను పోయినా సంచి పట్టుకుని వాడు సాయంత్రం దాకా అలా లాగుతూనే ఉంటాడు.

ఊపిరి బిగబట్టి ఆగి చూశాడు. అలిసిపోయి ఒక్కసారి వదులుతాడేమో. ఒరేయ్, ఒక్కసారి చెమట తుడుచుకోరా. బీడీ అయినా ముట్టించుకోరా. లాగు ఆగలేదు. అలాంటి బామ్మర్దిని కన్నందుకు అత్తను తిట్టుకున్నాడు. మొక్కుకున్నాడు కూడా, ఏ దేవుడికో తెలియలేదు.

గాలి పీల్చడం బరువైంది. కత్తి పెట్టాడు.

దారం టప్పున తెగింది. కిందికి జారాడు, ఒళ్లు మెలితిప్పి ఉచ్చులోంచి సిలిండరు మెడ ఊడదీసుకున్నాడు. పలక అంచు దాటి పైకి తల ఎత్తేసరికి వెలుతురులో నల్లటి ముద్ద ఒకటి దిగుతూ కనిపించింది. బుడగలు లేచేచోటే చూసుకుని దూకాడు మహానుభావుడు. పరిసల్ రాయిని చంటిబిడ్డలా రెండు చేతులా హత్తుకుని, బుగ్గలు పూరించుకుని, కళ్లు తెరుచుకుని, తమిళరసన్ పక్కనుంచే కిందికి పోయాడు.

తమిళరసన్ తలకిందులై వెంటపడ్డాడు. అందిన జుట్టు పట్టుకున్నాడు. రాయి వదలడంలేదు. మోకాలితో పొడిచాడు. రాయి జారి చీకట్లోకి పోయింది. పసుపురంగు రెండో రెగ్యులేటరు తీసి నోట్లో కుక్కాడు. మాదేశ్వరన్ దాన్ని చెరుకుముక్కలా కొరికి, ఒక్క పీల్పు పీల్చాడు. కళ్లు ఇంతింతయ్యాయి. నీళ్లలో గాలి దొరుకుతుందని అక్కకు పెళ్లయినప్పటి నుంచి వింటున్నాడు గానీ నమ్మింది ఆ క్షణానే.

ఇద్దరూ లేస్తున్నారు. అప్పుడు చూశాడు తమిళరసన్, వాడు మళ్లీ బుగ్గలు పూరించుకున్నాడు. బావి మనిషి నీళ్లలో ఊపిరి వదలడు. సిలిండరు గాలి అలా కాదు, పైకి పోయేకొద్దీ ఉబ్బుతుంది. దాన్ని బిగబట్టినవాడి ఊపిరితిత్తులు పగిలిపోతాయి. చెప్పడానికి నోరు లేదు, మాట లేదు. పిడికిలి బిగించి బామ్మర్ది పొట్టలో గుద్దాడు. బుడగలు వచ్చాయి. రెండడుగులు లేచాక మళ్లీ బుగ్గలు ఉబ్బాయి. మళ్లీ గుద్దాడు. అలా గుద్దుతూ గుద్దుతూ వెలుతురు దాకా తెచ్చాడు.

*

“ఏమి మనుషులురా మీరు!” గోపమ్మ బాట మీద రొమ్ము బాదుకుంటోంది. “ఒకడు మునిగితే ఇంకొకడు రాయెత్తుకుని దూకేది యాడన్నా ఉండాదా? నా గుండె నిలిచిపోయింది. ఇద్దరికిద్దరు పోతే నేను మీ ఇంటికి ఏ ముఖంతో వచ్చేది?”

మాదేశ్వరన్ రాతి మీద బోర్లాపడి దగ్గాడు. కుడిచెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది. లోతు ఒత్తిడికి చెవిపొర చిరిగింది.

“బావా.”

“ఆ.”

“కడుపులో అట్లా గుద్దినావు గదా, ఎన్నాళ్ల పగ అది?”

తమిళరసన్‌కు నవ్వు రావలసింది. ఏడుపు వచ్చింది. దాన్ని కోపం చేసుకున్నాడు. “లాగొద్దంటే ఏల లాగినావురా? నువ్వు లాగినందుకే నేను కొయ్యాల్సి వచ్చింది.”

“నువ్వు కోసినావా?” మాదేశ్వరన్ లేచి కూర్చున్నాడు. “నేను రాయికి తగిలి తెగిందనుకున్నా. నువ్వే కోసినావా? నా చేతిలో ఉండేదాన్ని?”

హరూర్ ఆస్పత్రికి పోయే బస్సులో వేరే సీటు చూసుకుని కూర్చున్నాడు. డాక్టరు చెవిలో దూది పెట్టి, ఇంక నీళ్లలో దిగొద్దు అన్నాడు. తిరుగు బస్సులో తమిళరసన్ కిటికీ వైపు చూస్తూ, “ఇంకమీద నువ్వు పైన ఉండొద్దురా” అన్నాడు.

“ఏమి? చెవి పోయినందుకా?”

“నువ్వు దూకుతావు గనక. దూకనోడు కావాల పైన. మోటారు దొరికిందా, మనిషి వచ్చినాడా, రాలేదా, అని చూసి ఫోను చేసేవాడు చాలు.”

“దూకనోడు నీ కోసం ఏల కూర్చుంటాడు?”

తమిళరసన్ తల తిప్పి చూశాడు. బస్సు నిండా జనం ఉన్నారు. వాళ్లలో ఎవడినైనా పిలిచి గట్టు మీద కూర్చోబెడితే చాలు, ఎవడూ దూకడు. అంతమందిలో తనకు సరిపోయే మనిషి ఎవడైనా కావచ్చు, పక్కన కూర్చున్న ఈ ఒక్కడు తప్ప.

ఇంటికి వెళ్లాక రంజని అంతా విన్నది. ఒకసారి తమ్ముడి చెవి చూసింది, ఒకసారి మొగుడి ఛాతీ మీద కమిలిన మచ్చ చూసింది. పెద్దరీలు ఇంకా సంచిలోనే ఉంది, నడుమ ఇరుక్కున్న దారంతో. దాన్ని తీసి గూట్లోకి వేలు పెట్టి ఇరుకు ఎక్కడుందో వెతికింది, మర తిప్పి చూసింది.

“దీన్నే ఎత్తుకోమని నేనే అంటి గదా” అంది చివరికి. “ఆయప్పకు తిప్పి పంపు. ఆ పొట్టిదే ఉంచుకో.”

“వీడు?”

“అక్కా, నేను పోతాను. నేను లేకుండా దిగనియ్యను” అన్నాడు మాదేశ్వరన్.

“పో. ఎవురు వద్దన్నారు?” అంది రంజని. “తాడు కట్టకుంటే మన ఇంట్లో ఎవురికీ నిద్ర పట్టదు గదా. ఆయన నడుముకి వద్దంటే నీ నడుముకి కడతాను.”

*

గోపమ్మ పిందెలు సగం రాలిపోయాక, మిగతా సగం కోసం మళ్లీ దిగారు. రంజని కూడా వచ్చింది. ట్రాక్టరు వెనక కొక్కేనికి తాడు ఒక కొస కట్టింది, రెండో కొస తమ్ముడి నడుముకు వేసింది. నీటి అంచుకు రెండడుగుల ఇవతల నిలిచిపోయేలా కొలిచి కట్టింది. ముడి వీపువైపు వేసింది, చేతికి అందకుండా.

“ఎద్దును కట్టినట్టు కట్టినావు గదే అక్కా.”

“ఎద్దయితే మెడకు పలుపు చాలు. నువ్వు రాళ్లెత్తుకునే జాతి.”

“ఇంత గడ్డి వెయ్యమంటావా నాయనా?” అంది గోపమ్మ ట్రాక్టరు పక్కనుంచి. “బయపడొద్దు. నేనయితే చచ్చినా దూకను. నాకు మోటారు కావాల.”

మాదేశ్వరన్ నవ్వలేదు. దూదిపెట్టిన చెవిని అరచేత్తో మూసుకుని నీళ్ల వైపు చూస్తున్నాడు. తమిళరసన్ రెక్కలు తొడుక్కుని, చిన్నరీలు చూపుడువేలికి తగిలించుకున్నాడు. ఛాతీ రింగు ఉత్తిగా ఉంది. దాన్ని బామ్మర్ది చూశాడు, చూసి ముఖం తిప్పుకున్నాడు.

“బావా, బిగుసుకుంటే వదిలేస్తావు గదా?”

“వదిలేస్తాను.”

“సరి. పో.”

ఈసారి అతను గోడ నుంచి పొడుచుకొచ్చిన పలకకు దూరంగా, నడిమధ్య నుంచి దిగాడు. మోటారు ఉన్నచోటే ఉంది. దాని పక్కనే పరిసల్ రాయి పడి ఉంది. సంచి విప్పి మూతిలోకి గాలి ఊదాడు. చిన్నరీలు వేలి చుట్టూ చప్పుడు లేకుండా తిరిగింది, వేలికి చక్కిలిగింత పెట్టినట్టు. బరువు లేదు, లాగు లేదు. సంచి పోయి నీటిమీద నిలబడింది. దారం చేతిలో వదులుగా ఊగింది. పైన ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఎవరికీ అందదు.

అతనికి ఒంట్లో ఏదో వెలితిగా అనిపించింది. మీటరు ముల్లు నిండుగా చూపిస్తోంది, కావలసినంత గాలి ఉంది. గొలుసు ఎక్కడ వెయ్యాలో నిదానంగా చూసుకోవచ్చు, పైపు విప్పవచ్చు, మోటారు కింద బురద తీయవచ్చు. పైన మాత్రం సంచి లేచిన క్షణం నుంచి మాదేశ్వరన్ తాడు ఎంత సాగుతుందో అంత సాగదీసుకుని నీటి అంచున నిలబడి ఉంటాడు. కట్టు పొట్టలో దిగబడుతున్నా వెనక్కి అడుగు వెయ్యడు. ఊపిరి బిగబట్టి ఉంటాడు కూడా.

తమిళరసన్ మోటారు చెవికి దారం ముడివేసి, పైపు సంగతి రెండో మునకకు వదిలేసి, అనుకున్నదానికంటే ముందే పైకి తిరిగాడు.